గేటువైపు సగం

ఆ శనివారం పొద్దున పళ్ల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా సరస్సు ఒడ్డున ఉన్న పడవల షెడ్డుకి వెళ్లాలి. పడవలో తన సగాన్ని సబ్బునీళ్లతో కడగాలి. కాస్త మెరుగు పెట్టి, పైన మైనం పట్టించి, ఒంటిగంటకి ఇంటికొచ్చి భోంచేయాలి. ఇందులో ఎనిమిదింటికి వెళ్లడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

పళ్ల మేస్త్రి అన్నది జనం పెట్టిన పేరు. ఇంటి ముందుగదిలో కూర్చుని కట్టుడు పళ్లు తయారుచేయడం అతని వృత్తి. ఇరవై ఆరేళ్లుగా అదే పని. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పెద్దవాళ్లెవరు నవ్వినా కనిపించేది అతని పనితనమే. అందుచేత, మెరిపించే విద్యలో తనని మించినవాడు లేడని అతనికి గట్టి నమ్మకం. మనిషికి నమ్మకం ఉండటం మంచిదే గానీ, దానికి మోటారు తగిలించకూడదు.

ఇక పడవలో సగం సంగతి చెప్పాలి. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా మిగిలింది ఒక చిన్న ఫైబర్ పడవ. రెండు కొసలూ ఒకేలా సూదిగా ఉండే తెల్లటి పడవ. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ అందులోనే ఉండేవాళ్లు. మూడేళ్ల కిందట ఒక ఆదివారం నడి సరస్సులో ఒక తెడ్డు జారి నీళ్లపాలైంది. నువ్వు వదిలావంటే నువ్వు వదిలావని మొదలైన మాట, ఒడ్డుకి చేరేలోపు పాతిక ముప్పయ్యేళ్ల పాత సంగతులన్నీ తవ్వుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోనంత దూరం పోయింది. పంచుకుందామన్నాడు తమ్ముడు. పడవని కోయడం కుదరదు గనక పొడుగునా మాటతోనే కోశారు. కుడీ ఎడమా అందామంటే ఏది ముందో ఏది వెనకో తెలియని పడవాయె. "గేటువైపు నాది, గోడవైపు నీది. నువ్వు గోడకి మొహం పెట్టుకుని రుద్దుకో, ఫో!" అని అరిచాడు తమ్ముడు. అన్న మాట్లాడకుండా తలూపి వెళ్లిపోయాడు. ఇద్దరి మధ్యా అదే ఆఖరి సంభాషణ.

గేటువైపంటే పడమర అని తమ్ముడికి తర్వాత తెలిసివచ్చింది. షెడ్డుకి పైకప్పే తప్ప ఆ పక్క అడ్డం లేదు. మధ్యాహ్నం రెండు దాటితే ఎండంతా అటునుంచే. ఫైబర్ పడవకి జెల్ కోట్ అని పైన ఒక నున్నటి పొర ఉంటుంది. పడవ అందం దాంట్లోనే, ఆయుష్షూ దాంట్లోనే. దానికి నీళ్లతో పేచీ లేదు, ఎండతోనే. మూడేళ్లలో గేటువైపంతా పాలిపోయి సున్నం కొట్టిన గోడలా తయారైంది. వేలు పెట్టి రాస్తే పొడి అంటుకునేది. గోడవైపు మాత్రం అద్దమే. అటుగా వెళుతూ రెండుమూడుసార్లు గోడకున్న కిటికీలోంచి తొంగిచూసిన పళ్ల మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. తన పరువు తీయడానికే అన్నయ్య తన సగాన్ని అలా నిగనిగలాడిస్తున్నాడని తేల్చుకున్నాడు. పంతానికి పోయి గుడ్డపేలిక కూడా పట్టలేదు.

అలాంటిది గురువారం వదిన ఫోన్ చేసింది.

"వచ్చే బుధవారం మీ అన్నయ్యకి మోకాళ్ల ఆపరేషనయ్యా. ఆ తర్వాత పడవెక్కడాలూ దిగడాలూ ఇక కుదరవన్నాడు డాక్టరు. ఆదివారం వాడొస్తానంటే ఒక్కసారి నీళ్లలోకి వెళ్లొస్తాం, అడిగి చూడమన్నారు. వస్తావా?"

"వస్తానని చెప్పు వదినా" అన్నాడు పళ్ల మేస్త్రి. మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దునే లేచి, చేయడానికేమీ తోచక, శుభ్రంగా ఉన్న గదినే మళ్లీ ఊడ్చుకుంటున్న మనిషి. అన్నయ్యతో ఇంకొక్క ఆదివారం దొరికితే చాలనుకున్నాడు. ఆ ఒక్కటే మిగిలిందనీ తెలుసుకున్నాడు.

అయితే మూడేళ్ల నిర్లక్ష్యం అన్నయ్య కళ్లబడటం అతనికి ఇష్టం లేదు. తన సగం కూడా అద్దంలా ఉండాలి. ఆ మాటకొస్తే, అవతలి సగం కన్నా ఒక పిసరు ఎక్కువే మెరవాలి.

"బకెట్టూ గుడ్డా మైనం డబ్బా చాలవండీ? ఆ మోటారెందుకు?" అంది భార్య.

"నీకు తెలీదు, ఊరుకో" అంటూ పళ్లకి మెరుగుపెట్టే మోటారునీ, పనిలోపనిగా పళ్లు అరగదీసే రాతిపొడి సంచినీ కూడా సైకిలుకి కట్టాడు.

షెడ్డు కాపలాదారు అతన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, పడవల మరమ్మతు తెలిసినవాడు. పళ్ల మేస్త్రి గేటువైపు నిలబడి బకెట్టు దించేసరికి ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"ఈ వైపు చేస్తారా సార్?"

"మరే వైపు చెయ్యమంటావు?"

"అన్నదమ్ములంటే మీరే సార్" అన్నాడు కాపలాదారు, తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ. "ఎప్పటికైనా మీరిలా వస్తారని నాకు తెలుసు. ఎవరికీ చెప్పద్దన్నారు గాబట్టి నోరు మూసుకున్నా గానీ..."

ఎత్తిపొడుపు కాబోలనుకుని పళ్ల మేస్త్రి మోటారుకి గుడ్డ తొడిగాడు. మనిషి మనసు ఒకసారి మొండికేస్తే మెచ్చుకోలు కూడా వెటకారంలాగే వినిపిస్తుంది.

"చేత్తో రుద్దండి సార్. అన్నగారు చేత్తోనే చేస్తారు. పొర చాలా పల్చన, రెండు పోస్టుకార్డుల మందం ఉంటుందంతే."

"ఇరవై ఆరేళ్లనుంచి చేస్తున్నానయ్యా ఈ పని!"

"పడవలకా సార్?"

పళ్ల మేస్త్రి మోటారు ఆన్ చేశాడు. ఇక ఎవరి మాటా వినిపించలేదు.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా సాగింది. పాలిపోయిన చోట మెరుగుమందు రాసి మోటారు ఆనిస్తే, పొడి లేచిపోయి లోపలినుంచి తెలుపు పైకొచ్చింది. మూరెడు మేర అయ్యేసరికి అందులో తన మొహం కనబడింది. ఆ మొహం చాలా సంతోషంగా ఉంది. మెరుగుమందు అయిపోతే సంచిలోంచి రాతిపొడి తీసి తడిపి పూశాడు. కట్టుడు పళ్లమీద అయితే ఎంత నొక్కి రుద్దినా ఫర్వాలేదు, కింద దండిగా సరుకుంటుంది. చెయ్యి ఆ అలవాటు మీదే నడిచింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ నొక్కాడు. మోటారు గుడ్డ తీసి చూసేసరికి తళతళలాడే తెలుపు మధ్యలో అరచేతంత మేర, ఆకుపచ్చో బూడిదో చెప్పలేని రంగులో, గోనెపట్టా నేతలాంటి గళ్లు కనబడ్డాయి.

జెల్ కోట్ మొత్తం అరిగిపోయి, అడుగునున్న ఫైబరు బయటపడింది. అది నీళ్లు తాగుతుంది. అంతకన్నా ముఖ్యం, రేపు అన్నయ్య చూస్తాడు.

చుట్టూ చూశాడు. కాపలాదారు టీ తాగడానికి వెళ్లాడు. ఇక్కడే తెలివైనవాడెవడైనా ఆ ముసలాయన కోసం ఆగి, అయ్యా ఇలా అయింది, ఏం చెయ్యమంటావు అని అడిగేవాడు. పళ్ల మేస్త్రికి మాత్రం తన వృత్తే దారి చూపించింది. పన్నులో లోటుంటే ఏం చేస్తాం? పొడీ ద్రవం కలిపి ముద్ద చేసి నింపుతాం. పది నిమిషాల్లో రాయిలా గట్టిపడుతుంది. మోటారు తీగ కొసని పళ్లతో కరిచి పట్టుకుని రెండు చేతులా ఫోను తడిమి, ఇంటికి చేశాడు.

"తెల్లపొడి డబ్బా, ద్రవం సీసా, రంగులు చూసే పళ్ల గుత్తి, చిన్న డ్రిల్లు... వెంటనే పంపించు."

"మాట అంత ముద్దగా వస్తోందేమండీ? పళ్లెవరికి?"

"అడక్కు. చాలా పోయింది. అన్నయ్యకి మాత్రం తెలియకూడదు" అని పెట్టేశాడు.

భార్య నిలువునా నీరైపోయింది. మాట ముద్దగా ఉంది, పళ్ల సామాను కావాలట, చాలా పోయాయట, బావగారికి తెలియకూడదట. ఎవరో ఈయన మూతి పగలగొట్టారన్నది స్పష్టం. తనే పరుగెత్తుదామంటే, కొలతలకని వచ్చిన ఒక పెద్దాయన ఆమె చేతే నోట్లో అచ్చు పెట్టించుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అది బిగిసేదాకా కదలడానికి లేదు. సామానంతా సంచిలో సర్ది పార్సిళ్లు తీసుకెళ్లే మనిషికిచ్చి పంపింది. పళ్లు పోయినచోట చిగుళ్లు మాత్రం బాగుంటాయా అని ఆలోచించి, గులాబిరంగు పొడి డబ్బా కూడా పడేసింది. తర్వాత, ఎంత వద్దన్నా మనసాగక, తోడికోడలికి ఫోన్ చేసింది.

"అక్కా, ఎవరో ఈయన్ని షెడ్డు దగ్గర కొట్టారు. పళ్లన్నీ రాలిపోయాయట. బావగారికి చెప్పద్దన్నారు. నువ్వు కూడా చెప్పకేం."

చెప్పకుండా ఉండటానికి అవతల వీలు లేకపోయింది. బావగారు ఆ పక్కనే కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నారు.

ఇక్కడ సంచి చేరింది. పళ్ల మేస్త్రి గుత్తి విప్పి, ఒక్కో నమూనా పన్నూ పడవకి ఆనించి రంగు పోల్చుకున్నాడు. దారినపోయే వాళ్లెవరో ఆగి, పడవకి పళ్లు చూస్తున్న మనిషిని కాసేపు చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. నలభై ఏళ్ల మనిషి ముందు పన్ను రంగు సరిగ్గా సరిపోయింది. ముద్ద నిలవడానికి పట్టు కావాలి కనక, పళ్లలో చేసినట్టే డ్రిల్లుతో అక్కడక్కడా చిన్న చిన్న గుంటలు పెట్టి, ముద్ద నింపి, గట్టిపడ్డాక నునుపు చేశాడు. దూరంగా వెళ్లి చూస్తే పడవకి ఒక పన్ను మొలిచినట్టు ఉంది.

చుట్టూ ఉన్న తెలుపుని దానికి సమానం చేద్దామని మళ్లీ మోటారు పట్టాడు. చుట్టూ ఉన్న పొర అసలే పల్చబడి ఉంది. రెండోచోట గళ్లు బయటపడ్డాయి, తర్వాత మూడోచోట. మూడో లోటుకి తెల్లపొడి అడుగంటింది. నాలుగోది అన్నిటికన్నా పెద్దది, కిందుగా, సరిగ్గా నీళ్లు తగిలే మట్టంలో. అక్కడా డ్రిల్లు పెట్టాడు. అది చటుక్కున లోపలికి దిగిపోయింది. వంగి చూస్తే కన్నంలోంచి పడవ లోపలి బల్ల కనిపించింది.

ఇక మిగిలింది గులాబి డబ్బా ఒక్కటే. ఏడుపు దిగమింగుకుంటూ గులాబి ముద్దే కలిపి దిట్టంగా పట్టించాడు. మూడు పళ్లూ ఒక చిగురూ తేరాయి. పైన ఏదైనా తెల్లరంగు పూసేద్దామా అని ఆలోచిస్తుండగా గేటు దగ్గర ట్యాక్సీ ఆగింది. అందులోంచి అన్నయ్య దిగాడు. కర్ర కూడా మరిచిపోయి, రెండు మోకాళ్లూ రెండు దిక్కులకి పోతుండగా పరుగులాంటి నడకతో వస్తున్నాడు. పళ్ల మేస్త్రికి ఒక్కటే తోచింది. చతికిలబడి గులాబి రంగుకి వీపు ఆనించేశాడు.

"ఎవడ్రా నిన్ను కొట్టింది?"

మూడేళ్ల తర్వాత అన్నయ్య నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. పళ్ల మేస్త్రికి జవాబు చెప్పే వీలు లేదు, ఎందుకంటే అన్నయ్య అప్పటికే ఒంగి, అతని గడ్డం పట్టుకుని, నోరు తెరిచి లోపల లెక్కపెడుతున్నాడు.

"పైన అన్నీ ఉన్నాయి. కింద రెండు లేవే! ఇవేనా?"

"అవి పోయినేడు పీకించుకున్నానన్నయ్యా."

"నాకు చెప్పలేదేం?" అన్నాడు అన్నయ్య. ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు. ఆయన గడ్డం వదిలి, కళ్లజోడు తుడుచుకుని, "ఎవరూ కొట్టలేదు కదా? లే, ఇలా రా" అంటూ రెండు చేతులూ చాచాడు.

పళ్ల మేస్త్రి లేవబోయాడు. వీపు రాలేదు. ముద్ద బిగుసుకుపోయి చొక్కాని పడవకి అతికించేసింది. ఇంకోసారి గుంజాడు. పడవ కిర్రుమంది గానీ వదల్లేదు. అన్నయ్య చేతులు అలాగే చాచి ఉన్నాయి. ఆయనకి కనిపించిందల్లా, పిలిచినా పడవకి వీపు ఆనించి కదలకుండా కూర్చున్న తమ్ముడు. నెమ్మదిగా చేతులు దించేశాడు.

"సర్లే. ఇంకా కోపం పోలేదన్నమాట. క్షేమంగా ఉన్నావు, అంతే చాలు నాకు" అని వెనక్కి తిరిగాడు.

"అన్నయ్యా!" అని ఒక్క కేక పెట్టి పళ్ల మేస్త్రి ముందుకి దూకాడు. చొక్కా పర్రున చిరిగింది. ముందుభాగం అతనితో వచ్చింది, వెనకభాగం పడవతో ఉండిపోయింది. అన్నయ్య తిరిగి చూశాడు. తమ్ముడి వెనక, మెరిసే తెలుపు మధ్య మూడు పళ్లూ, గులాబి చిగురూ, దాని మీద అతుక్కున్న గళ్ల చొక్కా గుడ్డా కనబడ్డాయి.

టీతోపాటు భోజనం కూడా ముగించుకుని అప్పుడే వచ్చిన కాపలాదారు కూడా చూశాడు. పాపం, అంత ఘోరం చూశాక కూడా ఆ పెద్దమనిషి మంచే మాట్లాడాలని చూశాడు. "పొద్దుటినుంచి ఎంత ప్రేమగా చేశారో సార్! తన వైపు కాదు, మీ వైపని తెలిసి కూడా..."

"ఆయన వైపేమిటి?" అన్నాడు పళ్ల మేస్త్రి. "గేటువైపు నాది కదా!"

కాపలాదారు అన్నయ్య వంక చూశాడు. అన్నయ్య నేల వంక చూశాడు.

"అదేంటంటే..." అన్నాడు అన్నయ్య, తప్పుచేసి దొరికిపోయినవాడిలా. "నువ్వు గేటువైపు నాదని అరిచావు. ఆ వైపు ఎండెంత కాస్తుందో నీకు తెలీదు. తెలిశాక మాట వెనక్కి తీసుకునే రకానివి కాదు. అందుకని ఆ నెలలోనే నలుగుర్ని పిలిచి పడవని తిప్పించేశాను. నీ సగం గోడవైపు నీడలో పడింది. నెలకోసారి వచ్చి దానికి మైనం పెట్టి వెళుతున్నా. నాది కూడా చేద్దామనే అనుకునేవాణ్ణి. నీది అయ్యేసరికి మోకాళ్లు మొరాయించేవి."

పళ్ల మేస్త్రి గోడవైపుకి వెళ్లాడు. మూడేళ్లు ఒళ్లు మండేలా చూసిన ఆ నిగనిగ మీద చెయ్యి వేశాడు. చల్లగా, జారిపోయేంత నున్నగా ఉంది. ఇదంతా తనదే. తన బదులు ఎండలో నిలబడి పాలిపోయిన అన్నయ్య సగాన్ని ఈ పొద్దున్నే తన చేతులతో నమిలి పారేశాడు. సిగ్గుతో, దుఃఖంతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. మూడేళ్లలో ఒక్కసారి, ఒక్కసారైనా ఈ గేటు దాటి లోపలికొచ్చి అడిగి ఉంటే సరిపోయేది.

"రేపటికి బాగవుతుందా?" అని అడిగాడు కాపలాదారుని.

ఆయన గులాబిరంగుని గోటితో కొట్టి చూశాడు. "ఇదంతా చెక్కి తీసెయ్యాలి సార్. ఫైబరు ఆరాలి. కన్నం పూడ్చాలి, జెల్ కోట్ కొట్టాలి. హీనపక్షం రెండు వారాలు."

బుధవారం ఆపరేషను. లెక్క ఎటునుంచి వేసినా ఆదివారం మిగల్లేదు. పళ్ల మేస్త్రి సగం చొక్కాతో నేలమీద కూలబడి ఏడ్చాడు.

"నన్ను క్షమించన్నయ్యా."

"నేను మాత్రం ఏం ఉద్ధరించాన్రా?" అన్నాడు అన్నయ్య, పక్కనే కష్టంగా చతికిలబడుతూ. "పడవ తిప్పడానికి నలుగుర్ని పిలిచాను గానీ, నీకు ఫోన్ చెయ్యడానికి ఒక వేలు కదపలేకపోయాను. మూడేళ్లు. నూట యాభై ఆదివారాలు." ఎండ గేటువైపు తిరిగి ఇద్దరి మీదా పడుతోంది. "రేపు రా, ఎలాగైనా" అన్నాడు అన్నయ్య. "నీళ్లు లేకపోతే మానె."

మర్నాడు పొద్దున ఇద్దరూ వచ్చారు. పడవ దిమ్మల మీదే ఉంది. కాపలాదారు, ఇద్దరి భార్యలు, అటుగా వచ్చిన ఇద్దరు జాలర్లు కలిసి అన్నయ్యని పైకెత్తి లోపల కూర్చోబెట్టారు. తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు. అక్కడినుంచి సరస్సు కనిపిస్తూనే ఉంది. వేరేవాళ్ల పడవలు వెళుతున్నాయి. ఇద్దరూ ఎప్పటిలాగే పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఒకసారి అన్నయ్య, గాలి మారిందన్నాడు. అవునన్నాడు తమ్ముడు. నీళ్ల మీద ఇలా కూర్చోవలసిన ఆదివారాలన్నీ తలుచుకుని అతనికి మళ్లీ కళ్లు తడయ్యాయి. అన్నయ్య చూసీ చూడనట్టు సరస్సు వైపు తిరిగాడు.

ఆ ప్రయాణం మొత్తం గంటన్నర సాగింది, అందులో గంటసేపు అన్నయ్యని దించడానికే పట్టింది.